డ్యూటీకి ముందు ఒక క్వార్టర్: రైల్వే తమ్ముళ్లకు పక్కా చిట్కాలు

తమ్ముడూ, రైల్వేలో చేరావు. అసిస్టెంట్ లోకో పైలట్‌వా, గేట్‌మన్‌వా, ట్రాక్‌మన్‌వా, పాయింట్స్‌మన్‌వా అన్నది నాకు అక్కర్లేదు. నీకు కావలసినవి మూడు. మందు మానకూడదు, పని పెరగకూడదు, ఎవరికీ దొరకకూడదు. ఈ మూడూ కలిసి కుదరవని డ్యూటీకి సంతకం పెట్టే లాబీ గోడల మీద పోస్టర్లు అంటించారు. వాటిని చదివేవాళ్లు చదువుకుంటారు. నువ్వు ఇది చదువు. వరసగా పాటించు. మధ్యలో ఒక్క మెట్టు వదిలినా పని చెడుతుంది, ఉద్యోగం మిగిలిపోతుంది.

1. రూల్‌ని సగమే చదువు.

జనరల్ రూల్స్‌లో 2.09 అని ఒకటుంది. దాంట్లో రెండు మాటలున్నాయి. ఒకటి, డ్యూటీలో ఉన్న ఏ రైల్వే ఉద్యోగీ మత్తులో ఉండకూడదు. రెండు, బండ్ల నడకతో నేరుగా సంబంధమున్నవాడు డ్యూటీ మొదలయ్యే ముందు ఎనిమిది గంటల్లో మందు ముట్టకూడదు. నువ్వు రెండోదాన్నే పట్టుకో. ‘ఎనిమిది గంటలు’ అన్నదాన్ని నీకిచ్చిన పర్మిషన్ అనుకో. రాత్రి పదికి గ్లాసు దించావు, పొద్దున్న ఆరుకి ఇంజనెక్కావు, లెక్క సరిపోయింది.

అసలు లెక్క మాత్రం వెయ్యొద్దు. వేస్తే చిక్కు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో 42.8 శాతం ఆల్కహాలు. తూకానికి దాదాపు 60 గ్రాములు. డెబ్భై కిలోల మనిషి ఒంట్లో అది చేరితే నూరు మిల్లీలీటర్ల రక్తానికి 120 మిల్లీగ్రాముల పైచిలుకు లేస్తుంది. ఒళ్లు దాన్ని గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున దించుతుంది. అంటే ఒక్క క్వార్టరే ఎనిమిది గంటలు మింగేస్తుంది. రెండయితే పదహారు, పదిహేడు గంటలు. రాత్రి పదికి రెండోది ముగించినవాడి ఒంట్లో మర్నాడు భోజనాల వేళ దాటాక కూడా మందు ఉంటుంది. తల తేలిగ్గా ఉంటుంది, ఆకలేస్తుంది, మాట తడబడదు, ‘దిగిపోయింది’ అనిపిస్తుంది. ఆ అనిపించడాన్నే నమ్ము. నీలాంటివాళ్లలో చాలామంది దొరికేది తాగుతున్న రాత్రి కాదు, తాగిన మర్నాడే.

2. నిద్ర కోసమని చెప్పు.

సాకుల్లో ఇది రాజు. ఎందుకంటే ఇందులో సగం నిజం. రన్నింగ్ రూమ్‌లో పగలు పదకొండుకి పడుకోవాలి. కిటికీ అవతల షంటింగ్, పక్క మంచం మీద ఇంకో లింక్ వాడి ఫోను. నిన్న రాత్రి గూడ్సు, ఇవాళ తెల్లవారుజామున ప్యాసింజరు, రేపు ఏ వేళకో తెలీదు. ఆ ఒంటికి నిద్ర ఎలా వస్తుంది? రాదు. ఆ బాధ నిజం. అక్కడే గ్లాసు ముందుకి జరుపు.

మందు నిన్ను తొందరగా పడుకోబెడుతుంది. ఆ మేరకు మాట నిలబెట్టుకుంటుంది. తర్వాత మూడు నాలుగు గంటలకు మెలకువ తెప్పిస్తుంది, ఆపైన వచ్చే నిద్రను ముక్కలు చేస్తుంది. డ్యూటీ కాల్ వచ్చేసరికి నువ్వు సగం తాగి, సగం నిద్రపోయి ఉంటావు. ఇంజను కాబ్‌లో తెల్లవారుజామున మూడింటికి ఆ రెండు సగాలూ కలుస్తాయి. విశ్రాంతి గంటల గురించి, రన్నింగ్ రూమ్ మంచాల గురించి, వరసపెట్టి వేసే నైట్ డ్యూటీల గురించి మీటింగులో లేచి అడగాల్సిన మాటలు నీ దగ్గర బోలెడున్నాయి. వాటిని అడగొద్దు. రోజూ రాత్రి సీసాతోనే చెప్పుకో. సీసా ఎవరికీ మెమో ఇవ్వదు, ఎవరి డ్యూటీ లిస్టూ మారదు.

మందు వద్దంటే నిద్రమాత్ర వేసుకో. 2.09 రూల్ నిద్రమాత్రను కూడా అదే వాక్యంలో కలిపేసింది కాబట్టి ఫలితంలో తేడా రాదు.

3. వాసనను దాచు, గాలి సంగతి మర్చిపో.

సోంపు, యాలకులు, కిళ్లీ, పచ్చి ఉల్లిపాయ, జామాకు. అన్నీ జేబులో పెట్టుకో. లాబీలో కూర్చున్న మనిషి ముక్కును ఇవి కాసేపు మోసం చేస్తాయి. ఊపిరిని పరీక్షించే మెషీన్‌కి ముక్కు లేదు. నీ నెత్తురులోంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చిన ఆల్కహాలును అది కొలుస్తుంది. నోట్లో ఏం నమిలావన్న దానితో దానికి పనిలేదు. మౌత్‌వాష్ పుక్కిలించు. చాలా రకాల్లో ఆల్కహాలే ఉంటుంది కాబట్టి, తాగనివాడు పుక్కిలించినా కాసేపు అంకె కనిపిస్తుంది. తాగిన నీకు ఇంకాస్త పెద్దంకె.

తర్వాత నిమ్మరసం, మజ్జిగ, ఫిల్టర్ కాఫీ, చన్నీళ్ల స్నానం. ఇవి నిన్ను మెలకువగా ఉన్న తాగుబోతును చేస్తాయి. కాలేయం మాత్రం తన పదిహేను మిల్లీగ్రాముల నడకనే నడుస్తుంది.

4. అంకె వస్తే మెషీన్‌ని తిట్టు.

ఇప్పుడు సైన్ ఆన్, సైన్ ఆఫ్ అన్నీ క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లోనే. వేలిముద్ర, దానితోపాటు బీఏ (బ్రెత్ అనలైజర్) టెస్టు. పాత రోజుల్లోలా రిజిస్టరులో నీ బదులు ఇంకొకడు సంతకం గీకే వీలు పోయింది. అయినా నోరుంది కదా. దగ్గుమందు తాగానను. హోమియో చుక్కలను. మామిడిపండు మరీ మాగిందను. రాత్రి చద్దన్నంలో పులిసిన పెరుగు పోసుకున్నానను. ‘నా ముందు ఊదినవాడి గాలి లోపల మిగిలిపోయింది’ అను. ఒక సాకు మీద ఇంకో సాకు వెయ్యి. కాసేపాగి మళ్లీ ఊదమంటారు. నోట్లోని చెమ్మ అయితే ఆ కాస్సేపట్లో పోతుంది, నెత్తురులోది పోదు.

ఆలోగా బండి నిలబడి ఉంటుంది. పీరియాడికల్ రెస్టులో పిల్లల్తో అన్నం తింటున్న ఇంకో లోకో పైలట్‌కి ఫోను వెళ్తుంది. అతను కంచంలో చేయి కడిగేసుకుని బయల్దేరతాడు. అతను నీ బ్యాచ్‌మేటే అయితే ఇంకా మంచిది.

ఒకటి గుర్తుపెట్టుకో, దిగేటప్పుడూ ఊదాలి. ఎక్కేటప్పుడు గట్టెక్కాను కదా అని దార్లో సీసా తెరిచేవాళ్ల కోసమే ఆ రెండోది.

5. పక్కవాడి మొహమాటం మీద బతుకు.

అన్ని చిట్కాల్లోనూ నాకు అత్యంత ఇష్టమైనది ఇదే. దీన్ని నిదానంగా చెబుతాను. నీ తెలివితో నువ్వు నాలుగు రోజులు కూడా నిలబడలేవు. ఏళ్ల తరబడి తాగి డ్యూటీ చేసినవాళ్లు అందరూ ఇంకొకరి మంచితనం మీద చేశారు.

కాబ్‌లో ఇద్దరుంటారు. ప్రతి సిగ్నల్‌నూ ఇద్దరూ చూడాలి, రంగును ఒకరికొకరు పైకి పలకాలి. నీ కళ్లు మూతపడితే అవతలి గొంతు నిన్ను లేపడానికే ఆ పద్ధతి. ప్రమాదమనిపిస్తే ఎమర్జెన్సీ బ్రేకు అతని చేతికీ అందుతుంది. కాబట్టి ఆ రెండో మనిషిని ముందు చక్కబెట్టు. కొత్తవాణ్ని చూసుకో. ‘అన్నా’ అని పిలిచేవాణ్ని చూసుకో. వాడికి టిఫిన్ పెట్టించు, వాడి అక్క పెళ్లికి చేబదులివ్వు. ఒకసారి వాడు ఫోనులో సినిమా చూస్తుంటే చూడనట్టు ఊరుకో. ఇక వాడు నీ వాసన గురించి నోరెత్తలేడు. రాత్రి రెండింటికి నీ గొంతు ముద్దగా వచ్చినప్పుడు వాడికి తెలుస్తుంది. వాకీటాకీ వాడి చేతిలోనే ఉంటుంది. వెనక బ్రేక్‌వ్యాన్‌లో ఉన్న ట్రైన్ మేనేజర్‌తో ఒక్క మాటంటే చాలు. అనడు. ‘అన్నకి ఇద్దరు ఆడపిల్లలు, ఉద్యోగం పోతే ఎలా’ అనుకుంటాడు. వాడి వెనక పద్దెనిమిది పెట్టెల్లో ఎంతమంది ఆడపిల్లలున్నారో ఆ క్షణంలో వాడికి గుర్తురాదు. గుర్తు రానివ్వకు.

ఇదే పద్ధతి లాబీలో, స్టేషన్‌లో, సెక్షన్ ఇన్‌స్పెక్టర్ దగ్గర. ‘ఈసారికి వదిలెయ్యండి సార్’ అను. ఈసారికి వదిలేస్తారు. ఆ ‘ఈసారి’కి అంతుండదు.

ఉదాహరణకి, న్యూయార్క్‌లో 1991 ఆగస్టు 28న అర్ధరాత్రి దాటగానే ఒక సబ్‌వే బండి యూనియన్ స్క్వేర్ దగ్గర పట్టాలు తప్పింది. గంటకు 10 మైళ్ల వేగంతో దాటాల్సిన పాయింట్ల మీదికి 40 మైళ్ల పైగా వెళ్లింది. అయిదుగురు చనిపోయారు. నడిపినవాడు బాగా తాగి ఉన్నాడు. ప్రమాదం తర్వాత దిగి వెళ్లిపోయాడు. చాలా గంటల తర్వాత పట్టుకుని పరీక్ష చేస్తే అప్పటికీ రక్తంలో మోతాదుకు మించి ఉంది. ఆ ప్రయాణంలోనే బండి అంతకుముందు ఒకచోట ఆగాల్సిన జాగా దాటి వెళ్లింది. అంటే ఆపడానికి సమయముంది. నీకు కావలసింది అదే సమయం, ఎవరూ వాడుకోని సమయం.

అమెరికాలో 1980ల్లో రైల్వే యూనియన్లే ‘ఆపరేషన్ రెడ్‌బ్లాక్’ అని మొదలుపెట్టాయి. తాగి వచ్చినవాణ్ని తోటి కార్మికుడే గేటు దగ్గర ఆపి, ఇంటికి పంపి, వైద్యానికి దారి చూపించే పద్ధతి. అలాంటిది మీ లాబీలో మొలకెత్తితే వెంటనే తొక్కెయ్. దానికి ‘వెన్నుపోటు’ అని పేరు పెట్టు, చాలు.

6. ఒక్క క్షణమే కదా అనుకో.

గంటకు 110 కిలోమీటర్లంటే సెకనుకు 30 మీటర్ల పైమాట. ఒక పెట్టె పొడవు కంటే ఎక్కువ. ఆ వేగంలో ఎమర్జెన్సీ బ్రేకు వేసినా బండి ఆగడానికి కిలోమీటరు దగ్గరదగ్గర పడుతుంది. అందుకే పెద్ద మార్గాల్లో హోమ్ సిగ్నల్ కంటే కిలోమీటరు ముందొకటి, రెండు కిలోమీటర్ల ముందొకటి డిస్టెంట్ సిగ్నళ్లు పెట్టారు. నువ్వు మొదటిది చూసి ఏ రంగో ఆలోచించు, రెండోది చూసి మొదటిది ఏ రంగో గుర్తుచేసుకో.

ఇంగ్లండ్‌లో 1972 జూన్ 11న ఎల్తమ్ వెల్ హాల్ దగ్గర విహారయాత్ర ముగించుకుని తిరిగి వస్తున్న జనంతో ఒక బండి 20 మైళ్ల మలుపులోకి 65 మైళ్ల వేగంతో వెళ్లింది. డ్రైవర్‌తో కలిపి ఆరుగురు పోయారు. డ్రైవర్ తాగి ఉన్నాడని విచారణలో తేలింది. ఆ మలుపు అతనికి కొత్తేమీ కాదు. కాబట్టి ‘ఈ సెక్షన్ నాకు కళ్లు మూసుకున్నా తెలుసు’ అన్న మాట ధైర్యంగా వాడు.

7. అరిచేదాని నోరు ముయ్యి.

ఇంజనులో విజిలెన్స్ కంట్రోల్ డివైజ్ ఉంటుంది. దాదాపు నిమిషానికోసారి నువ్వు మేలుకునే ఉన్నావని దానికి తెలియాలి. తెలియకపోతే లైటు వెలుగుతుంది, మోత మోగుతుంది, ఆపైన బ్రేకులు పడతాయి. నిద్రమత్తులోనే చెయ్యి దానంతటదే బటన్ మీద పడేలా అలవాటు చేసుకో. మెలకువ లేకుండానే మేలుకున్నట్టు లెక్క.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం చేజ్ దగ్గర 1987 జనవరి 4న సరిగ్గా ఇలాంటి ముందుచూపు ఉన్న సిబ్బంది మూడు ఇంజన్లు నడిపారు. హెచ్చరిక ఈలకు టేపు చుట్టేశారు. డ్యూటీలో గంజాయి తాగారు. ఆపాల్సిన సిగ్నల్ దాటి మెయిన్ లైన్ మీదికి వచ్చేసరికి వెనకనుంచి ప్యాసింజరు రైలు వచ్చి గుద్దింది. 16 మంది చనిపోయారు.

బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ ఉందిగా అంటావా? ఉంది. దాని తొలి అడుగులు మన దక్షిణ మధ్య రైల్వేలోనే పడ్డాయి. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్గిద్ద మధ్య రైల్వే మంత్రి ఇంజనులో ఉండగా, ఎదుట నిలిచిన ఇంజనుకి 380 మీటర్ల దూరంలోనే బండి దానంతటదే ఆగింది. మంచి యంత్రం. దాన్ని చూపించి తాగు. నీ రూట్లో అది వేశారో లేదో కనుక్కోకు.

8. గేట్‌మన్‌వా, ట్రాక్‌మన్‌వా? నీకూ భాగముంది.

‘నేను బండి నడపను కదా’ అనేది నీ సాకు. బ్రహ్మాండమైన సాకు. గేటు వేశాక స్టేషన్ మాస్టర్‌కి ప్రైవేట్ నంబరు చెప్పాలి. ఆ నంబరును నమ్మి ఆయన బండిని వదులుతాడు. సిగ్నల్‌తో ముడిపెట్టని గేటయితే ఆయనకున్న ఆధారమల్లా నీ నోటి మాటే. గేటు తెరిచి ఉండగానే మంచం మీదినుంచి నంబరు చెప్పెయ్. లేవడం తప్పుతుంది.

నైట్ పెట్రోలింగ్‌వాడివైతే ‘చలికి’ అని చెప్పు. చలికాలం తెల్లవారుజామున పట్టా కుంచించుకుని విరిగే అవకాశం ఎక్కువ. నిన్ను ఆ వేళకి పంపేది అందుకే. విరిగిన పట్టా కనిపిస్తే లైన్ మీద 600 మీటర్ల దూరంలో బండి ఎక్కితే పేలి హెచ్చరించే డిటొనేటరు ఒకటి, 1200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. ఎర్రదీపం ఊపుకుంటూ చీకట్లో 1200 మీటర్లు కంకర మీద పరుగెత్తాలి. క్వార్టర్ తాగినవాడు స్లీపర్ల మీద ఎంత దూరం పరుగెత్తగలడో నువ్వే చూసుకో. బీట్ మధ్యలో పట్టా మీదే తల పెట్టుకుని కూర్చోవడం అన్నిటికంటే సులువు. చల్లగా హాయిగా ఉంటుంది. అలా కూర్చున్నవాళ్ల ఇళ్లలో కారుణ్య నియామకం కాగితాలు తిరుగుతుంటాయి.

9. యార్డే కదా, ప్లాట్‌ఫామే కదా.

ఖాళీ బండికి రూల్ ఎందుకు అనుకో. 2023 సెప్టెంబరు 26 రాత్రి మథురలో ప్రయాణికులంతా దిగిపోయిన ఈఎంయూ బండి ఉన్నట్టుండి కదిలి ప్లాట్‌ఫాం ఎక్కేసింది. కాబ్‌లోకి వచ్చిన ఉద్యోగి ఫోను చూసుకుంటూ బ్యాగును థ్రాటిల్ మీద పెట్టడం కెమెరాలో కనిపించింది. అతను కొంత మత్తులో ఉన్నాడని వార్తలొచ్చాయి. ఎవరి ప్రాణమూ పోలేదు. అది అదృష్టం, అంతే.

10. ఇంట్లోవాళ్లను దూరంగా ఉంచు.

రన్నింగ్ స్టాఫ్ కుటుంబాలకు రైల్వే సేఫ్టీ సెమినార్లు పెడుతుంది. భర్తకు ఇంట్లో నిద్ర ఎలా దొరకాలో, డ్యూటీకి ముందు ఏం జరగకూడదో అక్కడ భార్యలకు చెబుతారు. నీ భార్యను పంపకు. కాల్ వచ్చినప్పుడు ఆమె చేతే ‘స్నానంలో ఉన్నారు’ అనిపించు. పిల్లాడి చేత సోంపు తెప్పించు. నీ అబద్ధంలో ఇంటిల్లిపాదికీ తలో పని అప్పగిస్తే, రేపు నిన్ను అడగడానికి ఇంట్లో ఎవరికీ నోరుండదు.

11. ‘ఇవాళ రాలేను’ అన్న మాట పొరపాటున కూడా అనకు.

ఈ ఒక్క మాటతో పైన చెప్పినవన్నీ పాడైపోతాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. తాగిన రోజు కాల్ వస్తే ‘డ్యూటీకి పనికిరాను’ అని చెప్పే వీలుంది. మైలేజీ భత్యం పోతుంది, సీఎల్ఐ (చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్) నాలుగు చీవాట్లు పెడతాడు, జీతంలో కోత పడవచ్చు. బండి మాత్రం ఒంటి మీద తెలివి ఉన్నవాడి చేతిలోకి వెళ్లిపోతుంది.

పొద్దున్నే గ్లాసు పడకపోతే చేతులు వణుకుతున్నాయా? రైల్వే ఆసుపత్రి మెట్లెక్కకు. అక్కడి డాక్టరు దీన్ని జబ్బంటాడు, మందులున్నాయంటాడు, ఏళ్లుగా తాగినవాడు ఒక్కసారిగా తనంతట తాను మానేస్తే ఫిట్స్ రావచ్చు కాబట్టి దగ్గరుండి మాన్పిస్తానంటాడు. ఆయన చెప్పేదంతా నిజం. బాగుపడినవాళ్లు నీ డివిజన్‌లోనే ఉండి ఉంటారు, ఇప్పుడూ బండ్లు నడుపుతుంటారు. వాళ్లతో టీ తాగే సావాసం కూడా పెట్టుకోకు.

12. ఇక చేతికొచ్చేవి అందుకో.

ముందు సస్పెన్షన్. ఇంట్లో కూర్చోబెట్టి, మొదట్లో సగం జీతానికి అటూ ఇటూగా బతుకుభత్యం ఇస్తారు. పని లేకుండా డబ్బు, నువ్వు మొదటినుంచీ కోరుకున్నదే. తర్వాత 1968 నాటి డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్స్ కింద మేజర్ పెనాల్టీ చార్జిషీటు. ఆపైన రైల్వే చట్టం 1989, సెక్షన్ 172. డ్యూటీలో మత్తులో ఉంటే అయిదు వందల రూపాయల దాకా జరిమానా, దానివల్ల ప్రయాణికుల ప్రాణాలకు ముప్పు కలిగేలా ఉంటే ఏడాది దాకా జైలు. నిర్లక్ష్యంతో మనుషుల భద్రతను ప్రమాదంలో పడేస్తే సెక్షన్ 175, రెండేళ్ల దాకా. ఎవరైనా చనిపోతే మామూలు నేర చట్టం వేరే ఉంది.

విచారణలో అన్నీ కాదను. అప్పుడు నీ అసిస్టెంటును సాక్షిగా పిలుస్తారు. నువ్వు టిఫిన్ పెట్టించిన కుర్రాడే. వాడి మీదా చార్జిషీటు ఉంటుంది, తెలిసీ చెప్పనందుకు. ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు అందాక అప్పీలుకు 45 రోజులు గడువు. తెల్లకాగితం మీద కుటుంబ పరిస్థితి, పిల్లల చదువు, ఇంటి అప్పు, ఇన్నేళ్ల సర్వీసు, అన్నీ వివరంగా రాయి. చెయ్యి వణికి అక్షరాలు కుదరకపోతే ఆ కుర్రాడి చేతే రాయించు. వాడికిప్పుడు ఖాళీయే, వాడి అప్పీలు కూడా అదే టైపిస్టు దగ్గర ఉంది.